నెట్టు పోయినా వెలిగే ఇల్లు

మా పూతలపట్టు మండలంలో ఇళ్లకంటే ముందు బోరు మోటర్లకు తెలివొచ్చింది. స్మార్ట్ హోమ్ అన్న మాట చిత్తూరు షాపుల్లో వినపడక ముందే ఇక్కడి రైతు జేబులోని బటన్ల ఫోనుతో చేను కాడి మోటరు వేసేవాడు, ఆపేవాడు. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు ఇచ్చే వేళలు వేరు. ఒకప్పుడు అది అర్ధరాత్రి కూడా వచ్చేది. టార్చిలైటు పట్టుకొని, పామూ తేలూ చూసుకుంటూ గట్ల మీద నడిచిపోయి స్టార్టరు నొక్కాలి. మొబైల్ స్టార్టరు వచ్చి ఆ నడక తప్పించింది. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన నానో గణేశ్ ఈ రకం పెట్టెల్లో పేరు తెచ్చుకున్నది. తర్వాత చాలా కంపెనీలవి వచ్చాయి. పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఫోను చేసి ఒక అంకె నొక్కితే మోటరు తిరుగుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లందక మోటరు ఉత్తగా తిరుగుతున్నా దానంతటదే ఆపేసి రైతుకు కబురు పెట్టే రకాలూ ఉన్నాయి.

ఆ పెట్టె అంటే నాకు గౌరవం. అది ఈమెయిల్ అడగదు, ఖాతా తెరవమనదు, తయారుచేసిన కంపెనీకి నెలనెలా చందా కట్టమనదు. దానికి కావాల్సింది సిమ్‌కు రీఛార్జి, ఒక సెల్ టవరు. టవరు కూడా పడిపోయిన రోజున స్టార్టరు మీది పచ్చ బటన్ చేత్తో నొక్కితే మోటరు తిరుగుతుంది. కొత్త తెలివి వచ్చింది, పాత దారి మూసుకుపోలేదు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాణ్ణి. చిత్తూరులో ఉద్యోగం, సాయంత్రాలు ఇంట్లో సోల్డరింగ్ ఐరన్‌తో కాలక్షేపం. ఇంటికి ఏ కొత్త పరికరం తెచ్చినా దాన్ని ఈ స్టార్టరు పెట్టె పక్కన నిలబెట్టి చూస్తాను.

అలా చూస్తే షాపుల్లో స్మార్ట్ అని అమ్ముతున్న సరుకులో చాలావరకు నిలబడదు. మంచం మీద పడుకొని ఫోనులో బల్బు ఆపామనుకోండి. ఆ ఆజ్ఞ ఫోను నుంచి వైఫై పెట్టెకు పోతుంది, అక్కణ్ణుంచి ఫైబరు తీగలో ఊరు దాటి, ఎక్కడో సింగపూరులోనో అమెరికాలోనో ఉన్న కంపెనీ సర్వరు దాకా పోతుంది. ఆ సర్వరు సరే అంటేనే తిరిగి మన పడగ్గదికి వచ్చి బల్బు ఆపుతుంది. బల్బుకూ మనకూ మధ్య దూరం ఆరడుగులు. ఫైబరు తెగితే ఆ ఆరడుగులు దాటలేం.

దారి పొడవు కన్నా పెద్ద బాధ ఆ సర్వరు ఎన్నాళ్లు ఉంటుందన్నది. అమెరికాలో రివాల్వ్ అనే కంపెనీ ఇంటి పరికరాలన్నిటినీ కలిపే ఒక పెట్టె అమ్మేది. 2014లో దాన్ని గూగుల్‌కు చెందిన నెస్ట్ కొన్నది. 2016 మేలో సర్వరు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న పెట్టెలు ఆ రోజు నుంచి పనికిరాకుండా పోయాయి. వాటిలో ఏ భాగమూ చెడిపోలేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో కంపెనీ సర్వర్లు ముందుగా చెప్పకుండానే ఆగిపోయాయి. కొన్ని వారాల తర్వాత దాని వాడుకదారులే కొందరు చేరి కంపెనీని కొని మళ్లీ నడిపించారు. మా ఇంట్లోనూ ఒక రంగుల బల్బుకు అదే గతి పట్టింది. దాని యాప్ ఒకరోజు తెరుచుకోలేదు. అప్పటి నుంచి అది తెల్లగా వెలగడం మాత్రమే చేస్తున్నది. కంపెనీ పేరు చెప్పను. ఆ రకం కంపెనీలు డజన్ల కొద్దీ ఉన్నాయి.

నేను పట్టుకున్న నియమం ఒకటే. ఇంటి పని ఇంట్లోనే తేలాలి. నెట్టు పోయినా, కంపెనీ పోయినా గోడ మీది స్విచ్చు నొక్కితే లైటు వెలగాలి, వేళకు మోటరు ఆగాలి. బయటి లోకంతో సంబంధం ఉంటే మంచిదే, లేకపోయినా ఇల్లు ఆగకూడదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. వైఫై, ఇంటర్నెట్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. వైఫై మన ఊరి వీధి, ఇంటర్నెట్ తిరుపతి రోడ్డు. తిరుపతి రోడ్డు మూసేస్తే పక్కింటికి పోలేమా? బయటి ఫైబరు తెగినా ఇంట్లోని వైఫై పెట్టెకు కరెంటు ఉన్నంతసేపూ ఫోనూ, స్విచ్చులూ, కంప్యూటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. అలా మాట్లాడుకునేట్టు పరికరాన్ని తయారుచేశారా లేదా అన్నదే ప్రశ్న. షాపులో నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: "నెట్టు తీసేస్తే ఇది పనిచేస్తుందా అన్నా?" దీనికి సూటిగా జవాబు చెప్పే దుకాణదారుల దగ్గరే కొంటాను.

ఇంటి పని ఇంట్లో తేలాలంటే ఇంట్లో ఒక పెద్ద ఉండాలి. మా ఇంట్లో ఆ పెద్ద హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలస్ స్కౌట్సెన్ అనే ప్రోగ్రామరు తన ఇంటి దీపాల కోసం పైథాన్‌లో రాసుకున్న ఈ సాఫ్ట్‌వేరు ఇప్పుడు ప్రపంచమంతటా వేలమంది చేతుల మీద పెరుగుతున్నది. ఉచితం, మూలం అందరికీ తెరిచే ఉంటుంది. 2024లో దీన్ని ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే సంస్థ కిందికి తెచ్చారు కాబట్టి ఏ ఒక్క కంపెనీ కొని మూసేసే భయం తగ్గింది. ఇది ఇంట్లో ఒక మూల చిన్న కంప్యూటరులో కూర్చొని అన్ని పరికరాల మాటలూ వింటుంది, వేళ చూసుకొని ఆజ్ఞలిస్తుంది.

ఆ చిన్న కంప్యూటరు కోసం కొత్తది కొనక్కర్లేదు. 2012లో 35 డాలర్లకు రాస్‌ప్‌బెర్రీ పై వచ్చినప్పుడు నాలాంటివాళ్లకు పండగ. అరచేతిలో పట్టే బోర్డు మీద పూర్తి కంప్యూటరు. ఇప్పటికీ మంచిదే, కాని కరెంటు తరచూ పోయే ఊళ్లో దాని మెమరీ కార్డు నిలవదు. రాస్తూ ఉన్నప్పుడు కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది. నేనైతే ఆఫీసులు వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్‌లను సిఫారసు చేస్తాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లున్న యంత్రాలను దాదాపుగా వేటినీ విండోస్ 11 తన జాబితాలో చేర్చుకోదు. దాంతో బాగా పనిచేసే కంప్యూటర్లు గుట్టలుగా పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. నాలుగు కోర్ల ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం ముసలిది కాదు. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్ ఎక్కిస్తే పిల్లల చదువుకూ, ఉత్తరాలు రాసుకోవడానికీ, తెలుగు టైపింగుకూ హాయిగా సరిపోతుంది. మా వీధిలో పదో తరగతి చదివే పిల్లలు అలాంటి కంప్యూటరు మీదే పాఠాలు వింటున్నారు.

ఇరవైనాలుగు గంటలూ నడిచే యంత్రానికి మాత్రం కరెంటు లెక్క చూసుకోవాలి. 10 వాట్లు తాగే మినీ పీసీ ఏడాదికి దాదాపు 88 యూనిట్లు కాలుస్తుంది. 50 వాట్లు తాగే పెద్ద టవర్ కంప్యూటరు 438 యూనిట్లు. పనితనంలో తేడా మనకు కనపడదు, బిల్లులో కనపడుతుంది.

ఇక గోడలోకి పోదాం. 2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ అనే కంపెనీ ఈఎస్‌పీ8266 అనే చిప్పు తెచ్చింది. వైఫై, చిన్న కంప్యూటరు రెండూ ఒకే ముక్కలో, అతి తక్కువ ధరకు. ఇంటి ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్ల చరిత్రను ఆ చిప్పుకు ముందు, తర్వాత అని విడదీయవచ్చు. దాన్ని ఒక రిలేకు కలిపి స్విచ్ బోర్డు వెనక దాచేస్తే పాత స్విచ్చు పాతట్టే ఉంటుంది, ఫోను నుంచి కూడా పని జరుగుతుంది. టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తే ఆ చిప్పు ఏ కంపెనీ సర్వరుకూ ఫోను చేయదు, ఇంటి పెద్దతోనే మాట్లాడుతుంది.

వాటిలో చాలా పరికరాలు మాట్లాడుకునే పద్ధతి పేరు ఎంక్యూటీటీ. 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇంజనీరు కలిసి దీన్ని తయారుచేశారు. అప్పటి అవసరం చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడం. లింకు నెమ్మది, ఖరీదు ఎక్కువ, మధ్యమధ్యలో తెగుతుంది. అందుకే సందేశం వీలైనంత చిన్నదిగా, తెగినా మళ్లీ అతుక్కునేలా రూపొందించారు. చమురు పైపుల కోసం పుట్టిన ఆ పొదుపు మా ఊరి నెట్‌వర్కుకు సరిగ్గా సరిపోయింది.

మన ఇళ్లకు ఒక అనుకూలత ఉంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా దీన్ని గుర్తించరు. రిలే చిప్పు పనిచేయాలంటే ఫేజుతో పాటు న్యూట్రల్ తీగ కావాలి. అమెరికాలో చాలా పాత ఇళ్ల స్విచ్ డబ్బాల్లో న్యూట్రల్ ఉండదు, అక్కడివాళ్లు దానికోసం నానా తంటాలు పడతారు. మన బోర్డుల్లో స్విచ్చుల పక్కనే ప్లగ్గు సాకెట్టు పెట్టడం అలవాటు, సాకెట్టు ఉన్నచోట న్యూట్రల్ ఉండి తీరుతుంది. ఇబ్బంది వేరేచోట ఉంది. ప్లాస్టిక్ పలక వెనక గోడలో దిగేసిన డబ్బా ఇనుపదైతే వైఫై సిగ్నలును అది చాలావరకు మింగేస్తుంది. లోతు తక్కువైతే తీగలతో పాటు రిలే పట్టదు, బిగించి కుక్కితే వేడెక్కుతుంది. 230 వోల్టుల పని ఇది. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి. ఇంటికి లీకేజీ అయితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు లేకుండా స్మార్ట్ స్విచ్చుల గురించి ఆలోచించవద్దు.

మొదట్లో ఇదంతా చూసి మా అమ్మ, "స్విచ్చి నొక్కితే లైటు ఎలగాల నాయనా, దానికి మళ్లా ఫోనెందుకు?" అనింది. ఆ మాట ఇంజనీర్లంతా గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది. ఇప్పుడు మా ఇంట్లో ఏ గదిలోనూ ఫోను లేకుండా వెలగని దీపం లేదు. అమ్మకు అసలు ఉపయోగపడింది దీపాలు కాదు, మేడ మీది నీళ్ల ట్యాంకు. సంపులో నీళ్లుండి ట్యాంకు తగ్గితే మోటరు దానంతటదే వేసుకుంటుంది, నిండితే ఆగుతుంది. మెట్లెక్కి మూత తీసి చూసే పని తప్పింది. దీనికి నేను మామూలు ఫ్లోటు స్విచ్చునే వాడాను. శబ్ద తరంగాలతో నీటి మట్టం కొలిచే సెన్సార్లు చూడ్డానికి బాగుంటాయి, కాని మూత కింద చేరే ఆవిరి బొట్లకు తప్పుడు లెక్కలు చెబుతాయి. లోహపు కడ్డీలు దించే పద్ధతిలో మా బోరు ఉప్పునీళ్లకు కడ్డీలు తెల్లగా పొరకట్టి, తుప్పుపట్టిపోతాయి. ప్రోగ్రాం తప్పినా మోటరు ఆగేలా ఫ్లోటు తీగను నేరుగా స్టార్టరు కాయిలుకే కలిపాను.

ఇంతా చేసి కరెంటు లేకపోతే ఏం చేస్తాం? ఈ విషయంలో మా మండలానికి ఒక చుట్టరికం ఉంది. 1985లో అమరరాజా కంపెనీని స్థాపించిన గల్లా రామచంద్ర నాయుడు సొంతూరు మా మండలంలోని పేటమిట్ట. తిరుపతి పక్కన కరకంబాడిలో మొదలైన ఆ బ్యాటరీల తయారీ జిల్లాలో ఎన్నో వేల కుటుంబాలకు కూడు పెట్టింది. ఇళ్లలో బ్యాటరీ గురించి మాట్లాడుకునే ఊళ్లు మావి. అయినా ఇన్వర్టరును సరిగ్గా వాడుకునేవాళ్లు తక్కువ.

12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. పూర్తిగా తోడేస్తే త్వరగా చస్తుంది కాబట్టి సగం వాడుకోవడం మేలు. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూ. నాలుగు ఫ్యాన్లు మారిస్తే ఇన్వర్టరు మీది బరువు 300 నుంచి 120కి దిగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మీద ఏడాదికి దగ్గర దగ్గర 197 యూనిట్లు మిగులుతాయి. ఎవరైనా నన్ను ఇంటికి మొదట ఏ స్మార్ట్ వస్తువు కొనాలని అడిగితే, నేను చెప్పేది ఈ బీఎల్‌డీసీ ఫ్యానే. మాట్లాడే స్పీకరు కాదు. ఒక్క జాగ్రత్త, దీన్ని పాత రెగ్యులేటరుకు కలపకూడదు, నేరుగా స్విచ్చుకే ఇవ్వాలి.

వైఫై పెట్టె విషయం ఇంకా తమాషా. అది సాధారణంగా 12 వోల్టుల డీసీ మీదే నడుస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది, అడాప్టరు మళ్లీ దాన్ని 12 వోల్టుల డీసీగా దించుతుంది. రెండు మార్పుల్లోనూ శక్తి వేడిగా పోతుంది. రూటరుకని అమ్మే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఇన్వర్టరు ఆపేసినా నెట్టు గంటల తరబడి నిలుస్తుంది. ఇంటి నుంచి పనిచేసే పిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే చవకైన మేలు లేదు.

సౌర పలకల గురించి కూడా ఒక మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తున్నది కాబట్టి మా వైపు మేడల మీద పలకలు పెరుగుతున్నాయి. మంచిదే. కాని పట్టపగలు ఎండ కాస్తుండగా కరెంటు పోతే ఇంట్లోనూ కరెంటు ఉండదని బిగించాక తెలుసుకొని జనం నివ్వెరపోతున్నారు. గ్రిడ్డుకు కలిపిన మామూలు ఇన్వర్టరు లైనులో కరెంటు లేకపోతే తప్పనిసరిగా ఆగిపోవాలి. స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి మన మేడ మీది కరెంటు తగలకూడదు కదా. కరెంటు పోయినప్పుడు కూడా వాడుకోవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఈ సంగతి పలకలు అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

నెట్టు కథ మా ఊళ్లలో చాలా దూరం వచ్చింది. 2004లో కేంద్రం 256 కేబీపీఎస్ వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్ అంది. మరుసటి ఏడాది బీఎస్ఎన్ఎల్ ఆ వేగంతో ల్యాండ్‌లైను రాగి తీగల మీద ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఉరుముల కాలంలో ఆ రాగి తీగ వెంబడి మెరుపు శక్తి ఇంట్లోకి వచ్చి మోడెము కాల్చేసేది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ, ఫోను ఇచ్చేవారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగారు. స్తంభం పడితే నెట్టూ పోతుందన్నది దాని బలహీనత, పల్లె దాకా అంత త్వరగా చేరిందన్నది దాని బలం. ఫైబరు గాజు కాబట్టి మెరుపును మోయదు. ఇప్పుడు కాలుతున్నవి అడాప్టర్లు, అవి కరెంటు వైపు నుంచి వచ్చే దెబ్బకు పోతాయి.

మాట్లాడే పెట్టెల మీద నా అసంతృప్తి ఒక్కటే. మా అమ్మతో అవి మాట్లాడవు. అలెక్సా 2019లో హిందీ నేర్చుకుంది, మా ఇంట్లో ఉన్న పెట్టెకు తెలుగు రాదు. ఫోను కీబోర్డులో మాత్రం గూగుల్ 2017లోనే తెలుగు వాయిస్ టైపింగు ఇచ్చింది. కాబట్టి యంత్రానికి తెలుగు వినపడదన్న మాట చెల్లదు. ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్ బృందం తెలుగుతో సహా మన భాషల మాటను గుర్తించే నమూనాలను అందరికీ ఉచితంగా ఇస్తున్నది. వాటిని ఇంటి కంప్యూటరులోనే నడిపించి, మాట ఇల్లు దాటకుండా పని జరిపించడం ఇప్పుడు నేను చేస్తున్న ప్రయత్నం. అరవం కలిసిన మా చిత్తూరు యాస దగ్గర అది తడబడుతుంది. మా ప్రాంతపు గొంతులు దానికి మరిన్ని వినిపించాలి. మోజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు వాక్యాలు చదివి గొంతు ఇవ్వడానికి ఎవరికైనా వీలుంది. పెద్దవాళ్ల చేత చదివించండి.

కెమెరాల దగ్గర నేను గట్టిగా ఉంటాను. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇళ్లలోని కెమెరాలనూ, రికార్డర్లనూ లక్షల్లో వశపరచుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటిలో చాలావాటిని ఒకేసారి ఉసిగొల్పితే ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలపాటు మూగబోయాయి. అది లోపలికి దూరింది పెద్ద మంత్రంతో కాదు, కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డును జనం మార్చకుండా వదిలేయడం వల్ల. మా వీధిలో ఎవరు కెమెరా పెట్టినా నేను పోయి ముందు పాస్‌వర్డు మార్పిస్తాను, రికార్డింగు ఇంట్లోని డిస్కులోనే దాచమంటాను. పడగ్గదిలో, చంటిబిడ్డ ఉయ్యాల దగ్గర నెట్టుకు కలిపిన కెమెరా వద్దే వద్దు.

ఇక కొత్త పరికరాలు కొనే విషయానికి వస్తే, 2022 అక్టోబరులో మ్యాటర్ అనే ప్రమాణం వచ్చింది. ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అన్నీ ఒప్పుకున్నవి. ఆ గుర్తున్న పరికరం ఏ కంపెనీదైనా ఇంటి నెట్‌వర్కులోనే, బయటి సర్వరు లేకుండా పనిచేయాలన్నది దాని మూలసూత్రం. కొనేవాళ్లు పెట్టె మీద ఆ గుర్తు చూసుకుంటే సగం దిగులు తీరుతుంది.

మా బావ పి.కొత్తకోటలో ఇల్లు కడుతున్నాడు. స్లాబు కమ్మి కట్టడం అయింది, కాంక్రీటు పోసేలోపు పైపులు వేయాలి. పైన చెప్పినవన్నీ మనసులో పెట్టుకొని ఎలక్ట్రీషియన్‌తో కూర్చొని కాగితం మీద గీసి ఇచ్చాను. వీధి స్తంభం వైపు గోడ నుంచి హాలు మధ్యకు ఒక ఖాళీ పైపు, అక్కణ్ణుంచి ప్రతి గదికీ ఒక్కొక్కటి, ట్యాంకు దగ్గరికి ఇంకొకటి. లోతైన ప్లాస్టిక్ డబ్బాలు, ఎర్తుకు విడిగా గొయ్యి, ఇన్వర్టరు పక్కనే వైఫై పెట్టెకు చోటు. న్యూట్రల్ తీగ ప్రతి డబ్బాలోకీ లాగమన్నాను, మెట్ల దగ్గరి టూవే స్విచ్చుల్లోకి కూడా.